మా వదిన డస్ట్ చేసిన కేకు

మా వదిన ఏళ్ల తరబడి ఆఫీసుల్లో బల్లలూ కుర్చీలూ కిటికీ అద్దాలూ తుడిచింది. ఆ పని పోయాక, నేను పనిచేసే బేకరీలోనే చేరింది. మొదటిరోజు వంటగదిలో కాలుపెడుతూనే ఓసారి చుట్టూ చూసి, "ఇదేమన్నా బ్రహ్మవిద్యా? చూస్తే అదే వస్తుంది" అంది. తనకు రాని పనంటూ ఒకటుందని ఆవిడ ఇంతవరకూ ఒప్పుకోలేదు.

ఆ వారంలోనే ఒకావిడ తండ్రి కోసం కేకు చెప్పింది. ఆయన బళ్లో లెక్కలు చెప్పి, రిటైరవుతున్నాడట. మా బేకరీ మాస్టర్ పొద్దున్నే కేకు చేసి, చాక్లెట్ పూత గట్టిపడ్డాక మీద కోకో పొడి చల్లాడు. ఇక అంచుకి పంచదార పొడి చల్లడమే మిగిలింది. అంతలో పిండి బస్తాల బండి వచ్చింది.

"అమ్మా, ఆ కేకు డస్ట్ చేసి డబ్బాలో పెట్టు. ఇప్పుడే వస్తా" అంటూ మాస్టర్ వెనక గుమ్మంలోకి పరిగెత్తాడు.

వదినకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. కానీ డస్ట్ చెయ్యడమంటే దుమ్ము తుడవడమని ఆఫీసుల్లో రోజూ విన్నదే, ఈ ఒక్క మాట ఆవిడకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పైగా కేకు నిండా పొడి కళ్లకు కనబడుతూనే ఉంది. మెత్తటి కొత్త కుంచె తీసుకుని, ఓపిగ్గా, ఒక్క రేణువు లేకుండా తుడిచేసింది.

మాస్టర్ తిరిగొచ్చి నిలువునా నీరైపోయాడు. "కొంప ముంచావమ్మా! ఏం చేశావిది?"

"డస్ట్ చేశాను. చూడండి, మొహం కనబడుతోంది!"

కౌంటర్ దగ్గర్నుంచి వచ్చిన నాకు నవ్వాగలేదు. "వదినా, కేకుని డస్ట్ చెయ్యడమంటే పొడి చల్లడం."

"అదేం మాటే? తియ్యడమూ అదే, వెయ్యడమూ అదేనా?"

"అదే."

"ఆ పేరు పెట్టినవాడెవడో గానీ బద్ధకస్తుడు" అంది వదిన. మాస్టర్ వైపు తిరిగి, "చెప్పిన పని చేశాను. రెండో అర్థం ఉందని ఇప్పుడు తెలిసింది, అదీ చేస్తా. జల్లెడ ఇటివ్వండి" అంది.

అంతలో కేకు కోసం వచ్చిన ఆవిడ కౌంటర్ మీంచి తొంగిచూసి, "ఆగండాగండి! పొడి వద్దు. సుద్దముక్కల పొడి పీల్చీ పీల్చీ నాన్నకి కాస్త తగిలినా దగ్గు పట్టుకుంటుంది. ముందే చెబుదామనుకుని మర్చిపోయాను. ఇలా నున్నగానే బాగుంది" అని సంబరంగా పట్టుకెళ్లింది.

మాస్టర్ హమ్మయ్య అని కూలబడ్డాడు. తను చేసిందే ఒప్పని ఇక వదిన మమ్మల్ని బతకనివ్వదనుకున్నాను. ఆవిడ మాత్రం జల్లెడ వదల్లేదు.

"ఆవిడ పుణ్యమా అని గండం గడిచింది. ప్రతివాళ్లకీ దగ్గుండదుగా! నేర్పండి, నేర్చుకున్నాకే ఇంటికెళ్తా."

మాస్టర్ అడుగు మాడిన కేకులు తెచ్చి ముందు పెట్టాడు. మొదటిది సున్నం కొట్టిన గోడలా తయారైంది. రెండోదాంట్లో ఒకపక్క దట్టం, ఒకపక్క బోడి. వదిన చెయ్యి పైకెత్తి చూసింది, కిందకు దించి చూసింది, జల్లెడను వేలితో తట్టి చూసింది. దుకాణం కట్టేసే వేళకు పొడి పల్చగా, సమంగా రాలింది. మాస్టర్ వంగి చూసి, "రేపట్నుంచి నువ్వే చల్లు" అన్నాడు.

ఇంటికి వెళ్లగానే అన్నయ్య అడిగాడు, కొత్త పని ఎలా ఉందని.

"ఏముంది, నాకొచ్చిన పనే" అంది వదిన చెప్పులు విప్పుతూ. "కాస్త తిరగేసి చెయ్యాలి, అంతే."