మడతలో మిగిలిన ఎరుపు

ఊద్జ్ నగరంలోని ఆ బట్టల మిల్లులో ఏ రంగు ఎంత వెలిసిపోతుందో తేల్చే మనిషి లుద్వికా. గుడ్డ ముక్కలనూ, వాటి పక్కన ఒక్కోటి ఒక్కో వేగంతో వెలిసే, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలున్న నీలి ఉన్ని పట్టీలనూ సగం దాకా అట్టతో కప్పి దక్షిణపు కిటికీలో ఎండకు పెడుతుంది. వారాలు గడిచాక అట్ట తీసి, గుడ్డ ఏ పట్టీతో సమానంగా వెలిసిందో చూసి గుడ్డకు ఆ పట్టీ అంకె వేస్తుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. అట్ట పెట్టడం మరిచిన కొత్తవాళ్లను ఉతికి ఆరేసేది.

"కప్పిన సగం లేకపోతే దేన్ని చూసి చెప్తావమ్మా? రోజూ చూసే కన్నుకు తేడా తెలిసి చస్తుందా?"

ఆమె కూతురు యాగ్నా పోయి ఆరేళ్లు. ఆఖరిసారి ఆస్పత్రికి వెళ్తూ విప్పి కుర్చీ మీద వేసిన శాలువా ఇంట్లో కిటికీ పక్కన అలాగే ఉంది. లుద్వికా దాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు. తల్లి ముఖమెరుగని మనవరాలు టోలాను ఒళ్లో కూచోబెట్టుకుని, "మీ అమ్మ రంగు ఇదే తల్లీ" అని చూపించేది.

ఇప్పుడు టోలా బడిలో చేరబోతోంది. అచ్చం అలాంటి శాలువానే అల్లి, కప్పి పంపాలని లుద్వికా పంతం పట్టింది. మిల్లులో రంగులు కలిపే గెర్వాజీని ఇంటికి పిలిచింది.

"ఈ పాలిపోయిన ఇటుక రంగేనా?" అంటూ అతను శాలువా మడత విప్పాడు. లోపల చెర్రీపండు ఎరుపు నిగనిగలాడుతోంది. "అక్కా, ఇన్నేళ్లూ నువ్వు చూసుకోలేదా?"

"దీనికి అట్ట పెట్టలేదురా" అంటూ లుద్వికా ఆ మడత మీద వేలితో రాసి చూసింది. కడుపున పుట్టిన పిల్ల కప్పుకున్న రంగునే తాను మరిచిపోయింది. ముప్పై ఏళ్ల అనుభవం ఏట్లో కలిసినట్టే కదా.

గెర్వాజీ ఆ ఎరుపునే ఉన్నికి పట్టించి తెచ్చాడు. ఆమె రెండు వారాలు కూచుని అల్లింది.

బడి మొదటిరోజు పొద్దున టోలా కొత్త శాలువాను చూసి పక్కకు నెట్టేసింది.

"ఇది అమ్మది కాదు."

"ఇదే తల్లీ అసలుది. అమ్మ ఇలాగే ఎర్రగా, కళకళలాడుతూ తిరిగేది."

"కాదు. అమ్మది నాకు తెలుసు, నువ్వే చూపించావుగా" అంటూ టోలా కుర్చీ మీది పాతదాన్ని లాగి ముఖానికి అదుముకుంది.

పిల్లకు లుద్వికా ఇచ్చిన తల్లి ఆ వెలిసిన గుడ్డే. దాన్నే భుజాల చుట్టూ కప్పి, పిన్ను పెట్టి, బడి గేటు దాకా చేయి పట్టుకుని నడిపించింది. తిరిగొచ్చి ఎర్ర శాలువాలో ముఖం దాచుకుని, యాగ్నాను పేరు పెట్టి పిలుస్తూ గుండె పగిలేలా ఏడ్చింది.