డోలు ఆగిన మలుపు

ఆకు కింద రెండు కళ్లు.

గుప్పెడంత ఒళ్లు, ఒంటికి మించిన కళ్లు. ఎండకి సగం మూసుకుని...

పొట్టని కరుచుకుని ఇంకో రెండు కళ్లు. బొటనవేలంత పిల్ల!

సెవేరా రెండు చేతులతో నోరు మూసుకుంది. లేకపోతే కేక పెట్టేదే. మౌమగ్, అడవిలో అరుదైపోయిన ఆ బుల్లి జంతువు, ఈనింది! ఈ ఊళ్లో ఆరేళ్ల తర్వాత మళ్లీ, దారి మలుపులో, నడుమెత్తు పొదలో.

ఆ వెంటనే గుర్తొచ్చింది.

ఇవాళ మేరీమాత పండుగ. సాయంత్రం ఊరేగింపు ఈ మలుపు మీదుగానే. బాకాలు, తాళాలు, పెద్ద డోలు...

పగలంతా కొమ్మని పట్టుకుని నిద్రపోయే జీవి. పెద్ద చప్పుడైతే దాని ప్రాణం మీదికొస్తుంది. బెదిరి పిల్లని వదిలేస్తే?

పైగా ఆ డోలు సెవేరాదే. పదకొండేళ్లు తాళాలు వాయించాక, ఈ ఏడే ఆమె మెడలోకి వచ్చింది.

పరుగున మేళం పెద్ద తెర్యో దగ్గరికి పోయింది. ఊళ్లో అందరికీ ఆయన నోంగ్, అంటే పెద్దన్న.

"దారి మార్చండి, నోంగ్ తెర్యో."

"మాత దారా? మా తాతే మార్చలేదు, నేను మారుస్తానా?"

"పోనీ, మలుపు దగ్గర వాయించకండి."

"బాగుందమ్మా! బొగ్గులు తినే పిడికెడు జంతువు కోసం పండుగ మూగబోవాలా?"

"బొగ్గులు కాదు, బొగ్గుల దగ్గర తిరిగే పురుగుల్ని తింటుంది. వందసార్లు చెప్పాను. మీ చెవులూ మీ బాకాలాంటివే, నోంగ్. బయటికి పోవడమే గానీ లోపలికి ఏదీ రాదు!"

మేళమంతా గొల్లున నవ్వింది. ఆయన ఏదో గొణిగాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు.

సాయంత్రం. ఇంటింటా కాలుతున్న పంది వాసన. ధన్... ధన్... డోలు మోగుతుంటే సెవేరా ఒళ్లు పులకరించింది. ఎన్నాళ్ల కోరిక!

మలుపు వచ్చింది.

ఆమె డోలు కర్ర చంకలో పెట్టుకుంది.

బాకా ఒకటి ఇంకాస్త సాగి, పిల్లిలా మూలిగి, ఆగింది. నోంగ్ తెర్యోదే! ఆయన వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టి, ఊరందరినీ గుడ్లురిమి చూశాడు.

తాళాలు ఆగాయి. పాట ఆగింది. ఒకావిడ చెప్పులు విప్పి చేత పట్టుకుంది. చూసి అందరూ విప్పారు. మాతని మోసేవాళ్లు మునివేళ్ల మీద నడిచారు. నవ్వాపుకోలేక వాళ్ల భుజాలు అదురుతుంటే పైన మాత కూడా ఊగింది.

పొదలో తల ఒకటి మెల్లగా తిరిగింది — వీపు దాకా. కళ్లు తిప్పడం దానికి రాదు, తలే తిప్పుతుంది. ఊరంతటినీ చూసింది.

కళ్లు మూసుకుంది.

పిల్ల పొట్టని వదల్లేదు!

ఇరవై అడుగులు. నలభై.

"ఇక కొట్టు," నోంగ్ తెర్యో గుసగుసలాడాడు.

సెవేరా కర్ర ఎత్తింది. బాకాలు పెదవులకి చేరాయి. ఆమె ఒకసారి వెనక్కి చూసింది.

"ఇంకో పది అడుగులు, నోంగ్."

పదీ అయ్యాయి. కర్ర మళ్లీ లేచింది.

"ఆగాగు... ఇంకో పది."

ఈసారి ఆ మాట అన్నది నోంగ్ తెర్యో.