తాళం తాత

కొట్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల స్టూలు మీద కూర్చుని, కొట్టావిడ ఇచ్చిన టీ ఊదుకుంటూ, నోటీసు మీద "తలుపు తాళం వేసి ఉంది" అని రాయడానికి కలం తీశాడు విద్యాశాఖ ఆఫీసు జవాను.

ముప్పై ఏళ్ళుగా ఆయన పని ఇదే. పిల్లలు బడి మానేస్తే ఇంటికి నోటీసు వస్తుంది. మూడో నోటీసు మీద పెద్దవాళ్ళ సంతకం పడిందంటే రిజిస్టర్లో పేరు కొట్టేస్తారు. అందుకని మూడోది సంచిలో పడ్డ దగ్గర్నుంచి ఆయనకు ఏ ఇల్లు చూసినా తాళమే కనిపించేది. ఈలోగా బతిమాలో బెదిరించో, వీధివాళ్ళందరి చేతా పోరు పెట్టించో పిల్లల్ని బడికి తోలేవాడు. "నీకు కనిపించినన్ని తాళాలు తాళాల కొట్లో కూడా ఉండవయ్యా" అని పెద్ద గుమాస్తా నవ్వేవాడే గాని, ఒక్క కాగితమూ తిప్పి పంపలేదు. పిల్లలందరికీ ఆయన తాళం తాత.

ఆ పూటతో ఉద్యోగం ఆఖరు. మధ్యాహ్నం ఆఫీసులో సన్మానం. మిగిలిన నోటీసు ఒక్కటే, ఈ ఇస్త్రీ కొట్టు పిల్లది. పదిహేనేళ్ళది. తల్లి జబ్బుపడితే ఆమె బదులు, కొట్టు నడిపే పిన్నికి సాయంగా నిలబడింది. తల్లి లేచి తిరుగుతోంది గాని, పిల్ల మాత్రం ఇస్త్రీ పెట్టె వదలడం లేదు.

"ఈసారీ తాళమేగా తాతా?" అంది కాలరు నొక్కుతూ.

ఆయన కలానికి మూత పెట్టేశాడు. "రేపట్నుంచి నోటీసు ఫోనుకే వస్తుందమ్మా. అది నాలా టీ తాగదు, అబద్ధం ఆడదు. మోగిందంటే అందినట్టే లెక్క. నీ పేరు పోతుంది. ఇవాళ పన్నెండు లోపల హాజరు పడితే మాత్రం ఈ కాగితం చించేస్తారు."

పిల్ల ముఖం చిన్నబోయింది. "మూడు నెలల పాఠాలు తాతా. లెక్కల్లో నోరు తెరిస్తే అందరూ నవ్వుతారు."

"ఏడో తరగతి నేను మూడేళ్ళు చదివాను. నవ్వీ నవ్వీ వాళ్ళే విసిగిపోయారు."

పిల్ల కిసుక్కున నవ్వింది. అదే అదనుగా పిన్ని పెట్టె లాగేసుకుంది. "నువ్వు లేకపోతే నా కొట్టు మూతపడుతుందా ఏంటే? నువ్వొచ్చాక ఆరు చొక్కాలు మాడాయి. నడు!"

గడియారంలో పావు తక్కువ పన్నెండు.

"నీ మోకాళ్ళతో నడిస్తే ఒంటిగంటవుతుంది తాతా" అంటూ, గుమ్మం బయట ఆనించిన ఆయన సైకిలెక్కి తొక్కేసింది. కూరగాయలమ్మే ఆవిడ బుట్ట పక్కకి లాక్కుని "తప్పుకోండి, బడికెళ్తోంది!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. జవానుకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఆయన కుంటుకుంటూ బడి చేరేసరికి పన్నెండున్నర.

"రెండు నిమిషాలుందనగా పడింది హాజరు" అన్నాడు గేటు కాపలావాడు. "బండి తీసుకెళ్తారా?"

"వద్దులే. ఆ పిల్ల ఇల్లు దూరం" అని, నోటీసు నాలుగు ముక్కలు చేసి, తన సన్మానానికి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు ఆయన.

గేటు లోపల, స్టాండు వెయ్యడానికైనా ఆగకుండా పడేసిన సైకిలు, హ్యాండిలు ఒక పక్కకి మెలితిరిగి మట్టిలో పడి ఉంది.