వెనక్కి పరిగెత్తిన గుర్రం

లాయం పక్కనున్న ఇరుకు గదిలో చెల్లెలి చూపు కంప్యూటరు తెరకు అతుక్కుపోయింది. సాయంత్రం పెద్ద పందెం. గడుగ్గాయి అని అందరూ ముద్దుగా పిలిచే ఆడగుర్రం అందులో పరిగెత్తాలి. దాని మీద జాకీగా అక్క కూర్చోవాలి. కానీ జీను కింది గుడ్డలో అమర్చిన అగ్గిపెట్టెంత పరికరం వారం రోజులుగా ఒకటే పాట పాడుతోంది: కుడి ముందుకాలి అడుగు తేడాగా పడుతోందని. పాత పరుగుల లెక్కల్లో ఇలాంటి తేడా కనిపించిన గుర్రాలు చాలావరకు కాలు విరిగి కూలాయి. గుర్రమే కూలితే పైనున్న అక్క మాటేమిటి?

పొద్దున్నే గుర్రాల డాక్టరు ఆ కాలిని తడిమి, వంచి, ఎక్స్‌రే తీసి, కడిగిన ముత్యంలా ఉందన్నాడు. లాయాన్ని నడిపే పెదనాన్న ఊపిరి పీల్చుకుని, మధ్యాహ్నంలోగా ఇంకేమీ తేలకపోతే గుర్రం పందెంలోకి దిగుతుందని కుండబద్దలు కొట్టాడు.

అక్క గుమ్మంలో నిలబడి నవ్వింది. "కుంటిది గుర్రం కాదే, నీ కంప్యూటరు."

నోటితో వాదించడం చెల్లెలికి ఏనాడూ చేతకాలేదు. నిన్నటి పరుగును మొదటినుంచీ మెల్లగా తిప్పి చూసింది. గేటు తెరుచుకుంది. గుర్రం దూకింది. ముందుకు దూకినప్పుడు తెర మీద పైకి లేవవలసిన గీత కిందికి పడింది.

కళ్ళు నులుముకుంది. మొన్నటిదీ అంతే. ఆ లెక్కన గడుగ్గాయి గేటులోంచి వెనక్కి పరిగెత్తింది!



"అక్కా, ఆ పరికరాన్ని తిప్పి పెట్టావా?"

"అంచు నా మోకాలికి గుచ్చుకుంటుంటే అటుది ఇటు చేశాను. ఏం, కొంప మునిగిందా?"

"ముందు వెనకైతే కుడి ఎడమవుతుందే. మనం చూడాల్సింది ఎడమకాలు."

ఇద్దరూ ఒకటే పరుగు. కారెక్కబోతున్న డాక్టరును రెక్క పట్టుకున్నంత పని చేశారు. ఆయన గొణిగాడు, పెదనాన్న విసుక్కున్నాడు, అయినా ఎక్స్‌రే యంత్రం మళ్ళీ బయటికొచ్చింది. బొమ్మ తేలింది. ఎడమకాలి గిట్టకు పైన, ఎముక మీద, వెంట్రుకంత పగులు.

కొన్ని నెలలు కదలనివ్వకపోతే అతుక్కుంటుందనీ, ఈ సాయంత్రం దింపి ఉంటే మలుపు దాటేది కాదనీ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. పెదనాన్న ఫోను తీసి, పందెం నుంచి గుర్రాన్ని తప్పించాడు.

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పందెం అక్క చేతిలోంచి జారిపోయింది. ఆమె గడుగ్గాయి మెడకు నుదురు ఆనించింది. "మలుపులో ఒరుగుతుంటే పొగరనుకున్నానే. ఇంకా అదిలించాను."

సాయంత్రం మైదానంలో గంట మోగింది. అంతే, గడుగ్గాయి చెవులు నిక్కపొడుచుకున్నాయి. లాయం తలుపు మీదికి ఛాతీ తోసింది. ఒకరు పగ్గం, ఒకరు మెడ పట్టుకుని అక్కాచెల్లెళ్ళు వేలాడారు.

"నిలబడవే మొండిఘటమా," అంది అక్క, నవ్వుతూ, ఏడుస్తూ, పట్టు వదలకుండా.