నాలో మిగిలిన గాలి

నేను ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని. నలభై అడుగుల పొడవు, చిటికెనవేలంత లావు. మేస్త్రీలు నన్ను లెవెల్ పైపు అంటారు. నాలో నీళ్ళు నింపి ఒక కొస ఒకరు, రెండో కొస ఇంకొకరు పట్టుకుంటే, మధ్యలో ఎన్ని గదులున్నా రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలబడతాయి. ఆ ఎత్తున గోడల మీద గీతలు గీస్తారు. ఆ గీతల నుంచి కిందికి కొలిచి నేల వేస్తారు. నేను చేసే పని అంతే. ఆ ఒక్క పనీ ఒక ఇంట్లో తప్పు చేశాను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో వేడి వేడిగా బయటికి వచ్చి, చుట్టలు చుట్టలుగా సామర్లకోటలో ఒక హార్డ్‌వేర్ దుకాణానికి చేరాను. అక్కడ నన్ను కొన్నది తాతారావు మేస్త్రి. అప్పట్లో నేను అద్దంలా ఉండేదాన్ని. నాలో చీమ పాకినా కనిపించేది. ఆయన బక్కెట్లో నా ఒక కొస ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని నీళ్ళు లాగేవాడు. దూరంగా ఉన్న కొసని ఆయన భార్య నూకరత్నం పట్టుకునేది. పని మొదలుపెట్టే ముందు ఇద్దరూ నా రెండు కొసల్నీ పక్కపక్కన చేర్చి చూసేవారు. నీళ్ళు సమంగా ఉంటే సరే. ఒకదాంట్లో పైకీ ఒకదాంట్లో కిందికీ ఉంటే లోపల గాలి బుడగ ఉన్నట్టు. నన్ను విదిలించి, బుడగ పోయేదాకా నీళ్ళు వదిలి, అప్పుడు పని మొదలుపెట్టేవారు.

వాళ్ళతో పాటు పెద్దాపురం చుట్టుపక్కల చాలా ఇళ్ళు తిరిగాను. ఇల్లు కట్టించుకునేవాళ్ళు చిత్రమైనవాళ్ళు. ఒకాయన తమ్ముడి హాలు కంటే తన హాలు అడుగు పెద్దదిగా ఉండాలని గోడ లేచాక పడగొట్టించాడు. ఒకావిడ ఫోనులో ఎవరి ఇంటి ముఖద్వారమో చూపించి అచ్చం అలాగే కావాలంది. తీరా కట్టాక ఆ తలుపు తెరిస్తే వాళ్ళ కారుకి తగిలేది. ముందువైపు ఎలా కనిపిస్తుందన్న దాని మీద అందరికీ బోలెడు పట్టింపు. నేల సమంగా ఉందా అని పట్టించుకుని అడిగిన మనిషి ఒక్కరే. ఆవిడ పేరు హైమావతి.

ఆవిడ పిల్లలకి తెలుగు చెప్పే టీచరు. పుట్టుకతోనే చూపు లేదు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో తొమ్మిది అద్దె ఇళ్ళు మారిందట. ప్రతి ఇంటినీ దెబ్బలు తగిలించుకుని నేర్చుకోవలసి వచ్చిందనీ, నేర్చుకోవడం పూర్తయ్యేసరికి ఇంటివాళ్ళు ఖాళీ చేయమనేవారనీ తాతారావుతో చెప్పింది. చివరికి ఊరి బయట కొత్త లేఅవుట్లో స్థలం కొనుక్కుంది. తన ఇల్లు ఎలా ఉండాలో ఆవిడకి గుమ్మాలతో సహా తెలుసు. తలుపులన్నీ ఒకే వెడల్పు ఉండాలి. కిటికీ రెక్కలు లోపలికి తెరుచుకోకూడదు. వీధి గుమ్మానికి తప్ప ఎక్కడా గడప ఉండకూడదు. హాలు నుంచి వంటగది మీదుగా పెరటి తలుపు దాకా నేల ఒకే మట్టాన ఉండాలి.

"చేతిలో వేడి గిన్నె పట్టుకుని, ఇంకో చెయ్యి గోడకి ఆనించకుండా నడవాలండీ. అదొక్కటే నా కోరిక" అంది.

తాతారావు మనసుపెట్టి చేశాడు. అందులో అబద్ధం లేదు. ఆవిడ సాయంత్రాలు బడి అయ్యాక వచ్చేది. ఇసుక కుప్పల మధ్య నుంచి చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచేది. అరికాలితో ఇంటిని చదువుతున్నట్టు ఉండేది. పునాది గోడల మీద ఆవిడ నడుస్తుంటే నూకరత్నం గుండె చేత్తో పట్టుకుని చూసేది. ఆవిడ మాత్రం ఒక్కసారీ తడబడలేదు.

హాల్లో నేల పలకలు పరచడం అయిపోయింది. ఇక వంటగది మిగిలింది. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడింది. ఇంకో ఊళ్ళో స్లాబు పని తాతారావు కోసం ఆగి ఉంది. ఆ ఉదయం ఆయన హడావిడిగా వచ్చి నాలో నీళ్ళు లాగాడు. అప్పటికి నాకు వయసు మీద పడింది. ఎండకి ఒళ్ళు పసుపెక్కింది, లోపల పాచి పట్టింది. నీళ్ళతో పాటు ఒక బుడగ నాలోకి వచ్చి మధ్యలో ఎక్కడో ఇరుక్కుంది. అది నాకు తెలుస్తూనే ఉంది. బయటికి మాత్రం కనిపించలేదు.

నూకరత్నం తన కొస పట్టుకుని, "ఓసారి రెండు కొసలూ కలిపి సూడయ్యా, బుడగుందేమో" అంది.

నిన్న చూశాం కదా, కానీయమన్నాడు తాతారావు. ఆవిడ మళ్ళీ అనలేదు. ఆయన గీత గీశాడు.

వంటగది నేల అంగుళం పైకి వచ్చింది.

సాయంత్రం రెండు గదుల పలకలూ గుమ్మం దగ్గర కలిసేసరికి ఆ సంగతి బయటపడింది. తాతారావు మోకాళ్ళ మీద కూర్చుని తేడా కొలిచాడు. ఎత్తి మళ్ళీ వేయాలంటే నాలుగు రోజులు కావాలి. ఆయన పలకల్ని సన్నటి ముక్కలుగా కోసి, రెండడుగుల మేర వాలుగా అమర్చి, అంగుళం తేడాని అందులో దాచేశాడు. పని నున్నగా వచ్చింది. నిలబడి చూస్తే ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియదనే ధీమాలో, ఆ ఇల్లు ఎవరి కోసం కడుతున్నాడో ఆయన మరిచిపోయాడు. నన్ను పెరట్లో గిన్నెలు తోముకునే గట్టు పక్కన మేకుకి తగిలించి, సామాను సర్దుకునే తొందరలో అక్కడే వదిలేసి వెళ్ళాడు.

మర్నాడు ఇల్లు అప్పజెప్పడానికి తాతారావు వచ్చినప్పుడు హైమావతి కూడా వచ్చింది. హాల్లో నుంచి గబగబా నడిచి వచ్చి వంటగది గుమ్మంలో ఆగిపోయింది. వెనక్కి ఒక అడుగు వేసింది. మళ్ళీ ముందుకి వేసింది.

"తాతారావుగారూ, ఇక్కడ నేల పైకి లేస్తోందండీ."

ఆయన మొహం పాలిపోయింది. ఆవిడకి కనిపించదని మొహం తిప్పుకోలేదు కూడా.

"అదేం లేదండి టీచరుగారు. కొత్త పలకలు కదండి, జారుడుకి అలా అనిపిస్తదండి. నాలుగు రోజులు నడిస్తే అలవాటైపోద్ది."

ఆవిడ పాదంతో అక్కడ ఇంకోసారి తడిమింది. తర్వాత, అలాగేనేమోలెండి, నాకే అలా అనిపించిందేమో అంది. ఆ మాటకి నేను మేకు మీద నుంచి జారి కింద పడిపోతే బాగుండుననిపించింది. అంగుళం తేడా రావడం ఒక తప్పు. అది నాది. కానీ యాభై ఏళ్ళుగా ఆవిడని మోసిన పాదాల మీద ఆవిడకే అనుమానం పుట్టించడం దానికంటే చాలా పెద్ద తప్పు. దానికీ మొదలు నేనే.

గృహప్రవేశం జరిగింది. బంధువులు వచ్చి ఇల్లు ఎంత బాగుందో చెప్పి భోంచేసి వెళ్ళారు. ఆ తర్వాత పెరటి తలుపులోంచి నేను ఆవిడని రోజూ చూశాను. మొదటి వారంలోనే పప్పు గిన్నెతో వస్తూ ఆ వాలు మీద తూలింది. గిన్నె కింద పెట్టి, కూర్చుని, అరచేత్తో నేలని తడిమింది. వాలు అంత నున్నగా ఉంటే చేతికి ఏం తెలుస్తుంది? అక్కడ ఏమీ లేదని ఆవిడ అనుకుని ఉండాలి. ఆ రోజు నుంచి ఒక చెయ్యి గోడకి ఆనించి నడవడం మొదలుపెట్టింది. మొదట ఆ గుమ్మం దగ్గరే. తర్వాత హాల్లో. ఆ తర్వాత ఇల్లంతా. తెల్లటి గోడ మీద ఆవిడ వేళ్ళు పోయిన దారి మసకగా ఏర్పడింది.

నలభై రోజులకి నూకరత్నం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది. హైమావతి ఆవిడని కూర్చోమని, మంచినీళ్ళు తేవడానికి గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. నూకరత్నం ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు తాగలేదు. నన్ను తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి మొగుడితో ఏమందో నాకు తెలియదు. మర్నాడు ఉదయమే ఇద్దరూ వచ్చారు. తాతారావు నన్ను మేకు మీద నుంచి తీసి, ఆ రోజు లాగినట్టే, ఈసారి కావాలనే, హడావిడిగా నీళ్ళు లాగాడు. నాలో మళ్ళీ గాలి చేరింది. ఆయన హైమావతిని పిలిచి, నా రెండు కొసల్నీ పక్కపక్కన సమంగా పట్టుకుని, ఒక్కోదాని మీద ఒక్కో వేలు ఆనించమన్నాడు. నూకరత్నం ఒక కొసలో మెల్లగా నీళ్ళు పోసింది. ఆవిడ వేళ్ళలో ఒకటి తడిసింది. రెండోది తడవలేదు.

"రెండూ ఒకేసారి తడవాలండి" అన్నాడాయన. "ఆ రోజు నేను సరిచూసుకోలేదు. వంటగది అంగుళం లేచింది. తెలిసి కూడా వాలు చేసి కప్పెట్టేశాను. మీరడిగితే లేదన్నాను."

హైమావతి తడిసిన వేలినీ పొడిగా ఉన్న వేలినీ ఒకదానికొకటి రాసుకుంటూ నిలబడింది.

"నేల సంగతి సరే తాతారావుగారూ. ఈ నలభై రోజులూ నా కాళ్ళు పాడైపోతున్నాయనుకున్నాను. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. అది మీకు తెలియదు కదా."

నూకరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పరవాలేదని హైమావతి అనలేదు. అననందుకు నాకు కొంచెం ఊరటగా అనిపించింది. అని ఉంటే ఆ సిగ్గుని ఎక్కడ పెట్టుకోవాలో తాతారావుకీ నాకూ తెలిసేది కాదు.

వంటగది నేల మొత్తం పగలగొట్టారు. నన్ను విదిలించి, ఉన్న గాలంతా తీసి, మూడుసార్లు కొసలు కలిపి చూశారు. చూసిన ప్రతిసారీ ఆవిడ చేత వేళ్ళు పెట్టించారు. ఐదు రోజుల్లో కొత్త నేల పడింది. పని అయ్యాక తాతారావు నన్ను చుట్టచుట్టి, ఇది ఇంక పనికి పెట్టనండి, పాతబడిపోయింది, పారేస్తాను అన్నాడు. పెరట్లో మొక్కలకి నీళ్ళు పెట్టుకుంటాను, ఇక్కడే ఉంచండి అని హైమావతి అడిగింది. అలా నేను ఇక్కడే ఉండిపోయాను. ఇప్పుడు నన్ను ఎవరూ దేన్నీ కొలవమని అడగరు. కుళాయికి తగిలిస్తే ఆవిడ బీరపాదుకీ కరివేపాకు మొక్కకీ నీళ్ళు పోస్తాను.

నేల ఇప్పుడు సమంగా ఉంది. హైమావతి మళ్ళీ రెండు చేతులతో గిన్నె పట్టుకుని నడుస్తోంది. గోడ మీద వేళ్ళ మసక కూడా సున్నం వేశాక పోయింది. కానీ పెరటి తలుపు తీసి ఉన్నప్పుడు నేను చూస్తూ ఉంటాను. హాల్లో నుంచి చకచకా వచ్చిన ఆవిడ, వంటగది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, అక్కడ ఏమీ లేదని తెలిసి కూడా, పాదం కింద పెట్టే ముందు ఒక్క క్షణం ఆపుతుంది. అప్పుడు నేను చూపు తిప్పుకుంటాను.