ఏ మొక్కూ కాదు

ఇత్తడి ఫిల్టరులో మరిగే నీళ్ళు పోసి మూత పెట్టాడు కుప్పయ్య. పక్క గిన్నెలో పాలు పొంగుమీదికొచ్చాయి. గరిటెతో మీగడను ఒక పక్కకు నెట్టి, పొయ్యిలోంచి కట్టె ఒకటి బయటికి లాగాడు. బయట స్టేషనులో రేణిగుంట బండి ఆగిన చప్పుడు వినిపించింది. ఇంకాసేపట్లో జనం వచ్చి మీదపడతారు.

తిరుత్తణి స్టేషనుకు ఎదురుగా ఉన్న దామోదరం శెట్టి కాఫీ క్లబ్బులో రెండు పొయ్యిలు. వీధివైపున్నది కుప్పయ్యది, కాఫీకి. లోపలిది తణికాచలానిది, ఇడ్లీలకూ దోసెలకూ. బండి దిగినవాళ్ళు కొండెక్కబోయే ముందు ఒకసారి, గుండు కొట్టించుకుని చందనం పూసుకుని దిగివచ్చాక మరొకసారి కుప్పయ్య చేతి కాఫీ తాగుతారు. వాళ్ళలో ఎవరికీ అతని ముఖం గుర్తుండదు. చేతులే గుర్తుంటాయి. పైకెత్తిన లోటాలోంచి కిందనున్న దవరా గిన్నెలోకి కాఫీ తాడులాగా సాగేది, చుక్క కింద పడేది కాదు. అలా పోసి పోసి అతని కుడిభుజం ఎడమదానికంటే ఎత్తుకు చేరింది. ముంజేతుల మీద పాలు చిమ్మిన చోటల్లా జొన్నగింజల్లాంటి తెల్లమచ్చలు పడ్డాయి.

అలాంటి మనిషి ఎండాకాలం మొదలు పాలు నోట పెట్టడం లేదు. పాలే కాదు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, ఏవీ ముట్టడం లేదు.

"మాస్టరూ!" గుండు మీద చందనం ఇంకా ఆరని యాత్రికుడొకడు లోటా తెచ్చి బల్లమీద టక్కున పెట్టాడు. "పాలు అడుగంటి ఉండాయి. ఇట్లాంటి కాఫీ మనిషి తాగేదేనా?"

కుప్పయ్య లోటా ఎత్తి వాసన చూశాడు. ఏమీ తెలియలేదు. పొద్దస్తమానం పొగలో బతికే ముక్కుకు మాడువాసన ఏం తెలుస్తుంది? మునుపైతే మొదటి లోటా తానే కలుపుకుని తాగేవాడు. పాలు పలచనైనా, డికాక్షన్ చేదెక్కినా నాలుకే చెప్పేది.

గల్లాపెట్టె దగ్గరనుంచి దామోదరం శెట్టి లేచి వచ్చాడు. లావాటి మనిషి, నడిస్తే ఆయాసం. గిన్నెలో గరిటె ముంచి, చేతిలో పోసుకుని చప్పరించి ముఖం ముడుచుకున్నాడు.

"మాడింది గదా కుప్పయ్యా! నాలిక మింద ఒక్క చుక్క ఏసుకోనుంటే తెలిసుండేది గదా! కాఫీ మాస్టరు కాఫీ తాగడంటే ఊళ్ళో నవ్వరా?"

"ఇంగ జాగ్రత్తగా చూసుకుంటానయ్యా."

"ఎట్ల చూసుకుంటావు? కంటితోనా?"

బెంచీమీద కూచుని తిరుత్తణి ఆంధ్రాలో ఉంటుందా మదరాసుకు పోతుందా అని వాదించుకుంటున్న ఇద్దరూ వాదన ఆపి నవ్వారు. కుప్పయ్య గిన్నె దించి వెనకవైపు తీసుకుపోయి పాలు కాలవలో పారబోశాడు. నల్లటి నీళ్ళలో పాలు తెల్లగా సాగిపోయాయి. తాను మానేసిన పాలు ఏ దూడకూ చేరలేదు. కాలవకు చేరాయి.

దూడ సంగతి ఎవరికీ సరిగ్గా చెప్పుకోలేకపోయాడు. పాలు పోసే ధనమ్మ ఒకరోజు రాకపోతే తానే క్యాను పట్టుకుని ఆమె కొట్టానికి వెళ్ళాడు. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. ఆవు ముందు దూడ నిలబడి ఉంది. ఆవు దాన్ని నాకుతోంది. దగ్గరికి పోయి చూస్తే అది దూడ కాదు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, నాలుగు కర్రలు గుచ్చి నిలబెట్టారు. కళ్ళున్నచోట కుట్లు. ఆవు నాలుక తగిలీ తగిలీ మెడమీద బొచ్చు ఊడిపోయి తోలు నున్నగా మెరుస్తోంది. ధనమ్మ పొదుగు కింద కూచుని చెంబులోకి సర్రుసర్రున పిండుతోంది.

"ఇది లేకుంటే ఆవు చేపదన్నా, పాలు దిగవు," అంది ఆమె, తలెత్తకుండానే. "దానికేం తెలుస్తాది? బిడ్డే అనుకుంటా ఉండాది."

ఆ పూట కుప్పయ్య క్యాను ముందుకు జరిపాడు. పాలు తెచ్చాడు, కాఫీలు కలిపాడు, మామూలుగా తానూ తాగాడు. ఇంటికి పోయి అన్నానికి కూచున్నాక, భార్య అలమేలుమంగ పళ్ళెంలో మజ్జిగ పోసినప్పుడు మాత్రం చెయ్యి కదల్లేదు. ఆ నున్నటి తోలు కళ్ళముందు నిలిచింది. పళ్ళెం పక్కకు జరిపాడు.

"ఏమి మొక్కు ఇది?" అని అడిగింది ఆమె నాలుగురోజులు చూసి.

"మొక్కు గాదు."

"ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాది."

"మరి?"

కుప్పయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. ఏనాడో మాంసం మానేసినప్పుడు ఈ గొడవే లేదు. సుబ్రహ్మణ్యస్వామి ఊళ్ళో ఉంటూ మాంసం మానేసినవాణ్ణి చూసి లోకం చేతులెత్తి మొక్కింది. పాలు మానేస్తే అదే లోకం పిచ్చివాడంటోంది. బంధువుల ఇళ్ళలో మజ్జిగ వద్దంటే, మా ఇంటి మజ్జిగకేం తక్కువ అని ముఖాలు చిన్నబోయేవి. కొండమీద పంచామృతం చేతిలో పడితే కళ్ళకద్దుకుని పక్కవాడి చేతిలో పెట్టేవాడు. కాఫీలో పాలకు బదులు బెల్లం కొట్టి వేసుకుని చూశాడు, జ్వరానికిచ్చే కషాయంలా ఉంది. అన్నిటికంటే పెరుగన్నం మీద ఆశ చావలేదు. ఎవరైనా ఊరగాయ నంజుకుని తింటుంటే నోరూరేది. తన నోటిమీద తనకే కోపం వచ్చేది. ఇంత కష్టపడి ఏం సాధిస్తున్నట్టు? ధనమ్మ రోజూ పాలు తెస్తూనే ఉంది. తాను రోజూ కాస్తూనే ఉన్నాడు.

అందరికంటే ఎక్కువ పీడించింది తణికాచలం. అరవై దాటినవాడు, కుప్పయ్యకంటే ముందునుంచీ ఆ క్లబ్బులో ఉన్నవాడు. పొట్టిగా, పెనం దగ్గర వంగి వంగి గూనెక్కిన వీపుతో, ఎప్పుడూ తడిగా ఉండే కనుబొమలతో కనిపిస్తాడు. పొదటూరుపేటలో తమ్ముడి కుటుంబం తప్ప ఎవరూ లేరు. క్లబ్బులోనే పడుకుంటాడు.

"ఏమి సామియారే, విభూది పెట్టుకున్నావు. అది గూడా ఆవు పేడే గదా," అనేవాడు. ఒకరోజు కుప్పయ్య కాళ్ళవైపు చూసి, "చెప్పులు చెక్కతో చేసినావా?" అన్నాడు. ఆ మాట కుప్పయ్యకు ముల్లులా దిగింది. మర్నాడు చెప్పులు ఇంట్లో వదిలి వచ్చాడు. ఎండకు వీధి నిప్పులకుంపటిలా కాలింది. రెండురోజులకే అరికాళ్ళు బొబ్బలెక్కి, మళ్ళీ చెప్పులేసుకుని తలదించుకుని వచ్చాడు. తణికాచలం చూశాడు కానీ, ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు.

ఇడ్లీల వేళ దాటాక దామోదరం శెట్టికి తిరువళ్ళూరునుంచి కబురొచ్చింది. కూతురు కోకిలకు మగబిడ్డ. చాలా ఏళ్ళు ఎదురుచూసి కన్న బిడ్డ. శెట్టి ఆయాసం మరిచిపోయి లోపలికీ బయటికీ తిరిగాడు.

"తణికాచలం, సాయంత్రానికి అండా నిండా సేమ్యా పాయసం కాయాల. చిక్కటి పాలతో. కొట్లో పనిచేసే అందరికీ నా చేత్తో లోటా అందిస్తాను. ఇంటోళ్ళు గూడా వస్తా ఉండారు." అంతలో చూపు కుప్పయ్య మీద పడింది. గొంతు మారింది. "నువ్వు గూడా తాగాల."

"అయ్యా, నేను..."

"గమ్మునుండు. ఇన్నాళ్ళూ ఏమన్నా అన్నానా? పుట్టిన బిడ్డ పేరు చెప్పి ఇచ్చింది వద్దంటే అపశకునం. అందరి ముందర తాగాల. తాగనంటావా, రేపటినించి ఆ పొయ్యి కాడ నిలబడబాక."

శెట్టి చెడ్డవాడు కాడని కుప్పయ్యకు తెలుసు. అందుకే ఆ మాట ఇంకా బరువుగా తగిలింది. ఈ పొయ్యి తప్ప అతనికి వేరే పని రాదు. యాభై దాటిన కాఫీ మాస్టరును, అందులోనూ కాఫీ రుచి చూడనివాణ్ణి, ఎవరు పెట్టుకుంటారు?

మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక తణికాచలం చెయ్యి తుడుచుకుంటూ అతని దగ్గరికి వచ్చాడు.

"ఒరే కుప్పా, మురుగనికి మొక్కుకున్నానని శెట్టితో చెప్పు. ఆ ఒక్కమాట చెప్తే ఆయనే నీకు దండం పెడతాడు. ఇంట్లో గూడా గొడవ ఉండదు."

"మొక్కుకోలేదు గదన్నా."

"ఇప్పుడు మొక్కుకో."

"దేవునికీ దీనికీ సంబంధం లేదు. అది చూసినాను, తినబుద్ధి గాలేదు. అంతే."

"అంతే అంటే ఎవురికి అర్థమయితాది? అబద్ధమాడితే ఏమైతాదిరా, దూడ చస్తాదా? చచ్చిందే గదా!"

అన్నాక తణికాచలమే నవ్వాడు. ఆ నవ్వు కుప్పయ్యకు పట్టరాని కోపం తెప్పించింది. పొద్దుటినుంచీ, కాదు, ఎండాకాలంనుంచీ దిగమింగుకుంటూ వచ్చిందంతా ఒక్కసారిగా బయటపడింది.

"నీకు నాలిక తప్ప ఏముందన్నా? బతుకంతా పెనం మింద నెయ్యి పోసి, ఎదుటోణ్ణి చూసి నవ్వినావు. పెండ్లామా, బిడ్డలా? ఒకరి నొప్పి నీకెట్ల తెలుస్తాది? ఇంగ నా జోలికి రాబాక."

తణికాచలం నవ్వు ముఖంమీదే ఆగిపోయింది. తడి కనుబొమలు తుండుతో తుడుచుకున్నాడు. "సరి సరి," అన్నాడు మెల్లగా. గూని వీపు తిప్పుకుని లోపలి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు.

కుప్పయ్య వెనకాలే వెళ్ళి ఒక మాట అందామనుకున్నాడు. కోపం ఇంకా దిగలేదు. సాయంత్రం చూద్దాంలే అనుకుని, స్టేషను గోడ నీడలో పోయి కూచున్నాడు.

అక్కడ కూచుని చాలాసేపు ఆలోచించాడు. తాగితే ఏమవుతుంది? ఒక్క లోటా. ఆవుకు తెలియదు, దూడకు తెలియదు. రేపటినుంచి మళ్ళీ మానుకోవచ్చు. కానీ ఒకసారి అందరి ముందర తాగాక, రేపు అలమేలుమంగ మజ్జిగ పోస్తే ఏమని ఆపుతాడు? శెట్టి కోసం తాగినవాడివి నా కోసం తాగవా అనదూ? అట్లాగని పని పోగొట్టుకుని ఇంటికి పోతే ఆమె ముఖం చూడగలడా? ఎటు తిప్పుకున్నా తానే ఓడిపోతున్నాడు. అరక్కోణం వైపు పోయే గూడ్సు బండి ఒకటి ఎంతకీ తరగకుండా సాగిపోయింది. చివరి పెట్టె దాటేసరికి అతను తాగడానికే నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయం నెమ్మదినివ్వలేదు.

పొద్దు వాలుతుండగా శెట్టి ఇంటివాళ్ళు వచ్చారు. లోటాలు కడిగి వరసగా బోర్లించారు. యాలకుల వాసన వీధిదాకా వస్తోంది. కుప్పయ్య తన పొయ్యి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శెట్టి అతనివైపు చూసి, పక్కనే ఉండమన్నట్టు తలాడించాడు.

"తణికాచలం యాడ? పోసేది ఆయనే గదా. పిలువు మీనాంబా."

పిండి రుబ్బే మీనాంబ లోపలికి పోయింది. బియ్యం మూటల పక్కన, పొయ్యి వేడి తగలనిచోట, తణికాచలం తుండు తలకింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రోజూ ఆ వేళకు ఒక కునుకు తీయడం అతని అలవాటే. ఆమె పిలిచింది. భుజం తట్టింది. తర్వాత ఆమె గొంతు వినిపించింది, అరుపు కాదు. "అయ్యా, ఒక్కసారి ఇట్ల రండి."

శెట్టి వంగి చెయ్యి పట్టుకుని చూశాడు. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. దించి, తన పైపంచె తీసి అతనిమీద కప్పాడు.

ఎవరూ గట్టిగా ఏడవలేదు. శెట్టి భార్య లోటాలు బుట్టలోకి ఎత్తించింది. బిడ్డ పేరుతో కాచిన పాయసం చావు పడ్డచోట పంచకూడదని, అండాను అట్లాగే కొండకింద అడుక్కునేవాళ్ళకు పంపించారు. అండా గడప దాటుతున్నప్పుడు కుప్పయ్య గుండెల్లోంచి ఒక ఊపిరి తేలిగ్గా బయటికొచ్చింది. తప్పించుకున్నాను అనుకున్నాడు. అలా అనుకున్నది తానేనని తెలిసిన మరుక్షణం, ముఖమంతా వేడెక్కి, అక్కడ నిలబడలేక వెనక కాలవ దగ్గరికి పోయాడు.

దీపాలు పెట్టే వేళకు పొదటూరుపేటనుంచి తణికాచలం తమ్ముడు దండపాణి బండి కట్టుకుని వచ్చాడు. కుప్పయ్య ఒక చెయ్యి వేసి బండిలోకి ఎక్కించాడు. ఆ ఒళ్ళు ఇంత తేలికని ఎన్నడూ అనుకోలేదు. మధ్యాహ్నం అన్న మాటల్లో ఒక్కటైనా వెనక్కి తీసుకుందామన్నట్టు బండి వెంట స్టేషను గేటుదాకా నడిచాడు. దండపాణి, "నువ్వు ఉండన్నా, చానా దూరం," అంటే ఆగిపోయాడు.

తిరిగి వచ్చేసరికి మీనాంబ ఒక్కతే వాకిలి కడుగుతోంది. అతన్ని చూసి చీపురు ఆపింది.

"పోయిన పెద్దాయన నీకేమన్నా చెప్పినాడా అన్నా?"

"ఏమని?"

"మధ్యాన్నం నన్ను నడుం వాల్చనీలేదు. టెంకాయ రుబ్బించి పాలు పిండించినాడు. ఆ పాలతో వేరేగా ఒక చెంబుడు పాయసం కాసి పెట్టినాడు. జీడిపప్పు గూడా నెయ్యి వద్దని నువ్వుల నూనెలో వేయించినాడు. ఇది ఎవురికి అన్నా అని అడిగితే నవ్వినాడు. 'లోటాల్లో పోసేది నేనే గదా మీనాంబా, శెట్టికి తెల్లగా కనబడితే చాలు. ఆ మొండోడు అందరి ముందర తాగేస్తాడు,' అన్నాడు."

మీనాంబ చెయ్యెత్తి లోపలికి చూపించి, మళ్ళీ చీపురు అందుకుంది.

లోపల పెనం చల్లారి ఉంది. పొయ్యి వెనక గోడ గూట్లో, శెట్టి కంట పడకుండా పిండి డబ్బాల చాటున, చిన్న ఇత్తడి చెంబు ఒకటి పెట్టి ఉంది. దానిమీద బాదం ఆకు మూత. ఆ ఆకుమీద, ఎవరి దిష్టీ తగలకుండా, పొయ్యిలోంచి ఏరిపెట్టిన ఒక బొగ్గుముక్క.