మూడో స్థాయి మాస్టారు

ఆ రోజు పొద్దున్నే విజయనగరంలో తన ఇంటి అద్దం ముందు నిలబడి, శాలువా కప్పించుకునేటప్పుడు తల ఎంత వంచాలో జగన్నాధం మాస్టారు రెండుసార్లు సాధన చేశారు. ఎక్కువ వంచితే బట్టతల ఫొటోలో పడుతుంది. తక్కువ వంచితే కలెక్టరుగారికి పొగరనిపిస్తుంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏ పాఠాన్నీ ఆయన ఇంత శ్రద్ధగా తయారుచేసుకోలేదు. ఆ సంగతి ఇంకెవరూ అనక్కర్లేదు, ఆయనకే తెలుసు. తెలిసి కూడా మూడోసారి వంచి చూసుకున్నారు.

అది రెండువేల పదహారు ఆగస్టు. జిల్లా ఉత్తమ ప్రధానోపాధ్యాయుల జాబితాకి ఆయన దరఖాస్తు పెట్టడం నాలుగోసారి. మొదటి మూడుసార్లూ ఎందుకు రాలేదో చెప్పడానికి ఆయన దగ్గర మూడు కారణాలున్నాయి. ఒక్కదానిలోనూ ఆయన ప్రసక్తి లేదు.

ఈసారి దరఖాస్తుతో పాటు ఒక ఫారం కూడా అడిగారు. బడి తన నాణ్యతకి తానే మార్కులు వేసుకోవాలట. ఒక్కో అంశానికి ఎదురుగా మూడు గళ్లు. ఒకటో స్థాయి, రెండో స్థాయి, మూడో స్థాయి. మూడే గొప్పది. మిగతావి ఎలా ఉన్నా, 'ప్రధానోపాధ్యాయుని బోధన' అన్నచోట మాత్రం మూడు లేకపోతే దరఖాస్తు చూడను కూడా చూడరు. అన్నింటికీ మూడే వేస్తే అనుమానం వస్తుందని, లోకం తెలిసిన మనిషి కాబట్టి, మాస్టారు రెండుచోట్ల రెండు వేశారు. ఒకటి ప్రహరీ గోడకి, ఒకటి భారతి టీచరు తరగతి నిర్వహణకి. గోడ ప్రభుత్వం కట్టింది. తరగతి భారతిది. బోధన గడి మాత్రం వేరే మంచి పెన్నుతో నింపుదామని ఖాళీగా ఉంచుకున్నారు.

ఆయన బడి భోగాపురం నుంచి సముద్రం వైపు ఆరు కిలోమీటర్ల లోపలికి ఉంటుంది. కొత్తదిబ్బలపాలెం ప్రాథమికోన్నత పాఠశాల. ఊరంతా వేట మీద బతికేవాళ్లే. సాయంత్రం ఐదు లోపల ఫారం కంప్యూటర్లో ఎక్కించాలి. ఎక్కించే ముందు దానిమీద బడి కమిటీ అధ్యక్షురాలి సంతకం కావాలి. అందుకని మధ్యాహ్నం రెండింటికి బుల్లమ్మకి కబురు పెట్టారు.

బుల్లమ్మకి యాభై దాటాయి. తెల్లారగట్ల ఒడ్డున పడవలు దిగగానే వేలంపాటలో చేపలు కొని, గంప నెత్తినెత్తుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అమ్మి, మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. మనవరాలు యమున ఇదే బడిలో ఏడో తరగతి. అధ్యక్షురాలు అయ్యాక వేలిముద్ర నామోషీ అని, మనవరాలి దగ్గర కూర్చుని సంతకం నేర్చుకుంది.

“ఏటి బాబూ, కబురెట్టేరు?” అంటూ ఖాళీ గంప వరండాలో దింపింది.

“రండి, రండి బుల్లమ్మగారూ.”

'గారు' వినగానే బుల్లమ్మ, ఇంకెవరైనా వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూసింది.

ఇక్కడ సంతకం పెట్టమ్మా అని వేలు చూపించి ఊరుకుంటే అయిపోయేది. ఇన్నాళ్లూ ఆయన చేసింది అదే. కానీ శాలువా కప్పుకోబోయే మనిషికి నోరు ఊరుకోదు.

“ఏం లేదు బుల్లమ్మగారూ, ఒడ్డున మీరు చేపలకి ధర కడతారు కదా? అలాగే మన బడికి మనమే ధర కట్టుకోవడం అన్నమాట. మూడంటే తాజా చేప. రెండంటే ఐసులో పెట్టింది. ఒకటంటే ఎండబెట్టుకోడానికి తప్ప పనికిరానిది.”

ఈ పోలిక తట్టినందుకు ఆయనకి తనమీద తనకే ముచ్చటేసింది. స్థానిక ఉదాహరణలతో బోధిస్తానని దరఖాస్తులో ఒక ముక్క రాసి ఉండాల్సింది అనుకున్నారు.

బుల్లమ్మ చేతిలోకి తీసుకున్న పెన్ను బల్లమీద పెట్టేసింది. “ధర కట్టాలంటే సరుకు సూడాల కదేటి బాబూ?”

“నేను చూశాను కదా.”

“అమ్మినోడి సూపు ఒక సూపేటి? పదండి, సూసొద్దుము.”

ఆమె వెటకారం ఆడటం లేదు. అదే మాస్టారికి ఇబ్బందయింది. వెటకారమైతే నవ్వేసి తప్పించుకోవచ్చు. ఆయన ఫారం పట్టుకుని వెనకాలే నడిచారు.

ముందు ఆడపిల్లల మరుగుదొడ్డి. తాళం వేసి ఉంది. తాళంచెవి మాస్టారి జేబులోనే ఉంది. తలుపు తీస్తే లోపల తెల్లటి పలకలు తళతళలాడుతున్నాయి. మండలంలో ఇంత శుభ్రమైనది ఇంకొకటి లేదని కిందటేడు తనిఖీకి వచ్చిన అధికారే మెచ్చుకున్నారు.

“అబ్బ, ఎంత బాగున్నాది! ఎవులు కడుగుతారు బాబూ?”

“కడగక్కర్లేదు. పిల్లలు పాడుచేస్తారని తాళం వేసే ఉంచుతాం.”

అనేశాక ఆ మాట మాస్టారి చెవిన కూడా పడింది.

“మరి ఆడగుంటలు ఎక్కడికెల్తారు?”

ఆయన బడి వెనక సరుగుడు తోట వైపు చూశారు. బుల్లమ్మ కూడా అటే చూసింది. మాస్టారు మూడు కొట్టేసి ఒకటి వేసి, తాళాన్ని తలుపుకి పెట్టకుండా జేబులో వేసుకున్నారు.

తరవాత పుస్తకాల బీరువా. ఇక్కడ ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది. “రెండొందల పది పుస్తకాలు. పదకొండేళ్లలో ఒక్కటి చిరగలేదు, ఒక్కటి పోలేదు.”

బుల్లమ్మ ఒక పుస్తకం తీసింది. బొటనవేలితో నొక్కింది. మధ్యకి తెరిచి వాసన చూసింది. “ఇది సేపైతే ఈపాటికి కొనీసేదాన్ని. ఇంత తాజాగా ఉన్నాది. కానీ పుస్తకం ఇలగుండొచ్చా బాబూ? మా యమున తెలుగు వాచకం సూడండి, అట్ట ఊడిపోనాది, పులుసు మరకలు, మడతలు. అది సదువుతాది గనక. ఈటిని ఎవులూ ముట్టనేదు.”

“రెండు వేసుకుందాం.”

“ఒకటి.”

“అలా కాదు బుల్లమ్మగారూ, పుస్తకాలంటూ ఉన్నాయి కదా, దానికైనా రెండివ్వాలి.”

“పోనీ ఒకటిన్నర.”

“ఒకటిన్నరకి గడి లేదు.”

“అయితే ఒకటి,” అంది బుల్లమ్మ. పాతిక కిలోల వంజరం చేపల్ని రోజూ బేరంలో గెలిచే మనిషితో తను బేరానికి దిగానని మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది.

ఆరో తరగతి గది దగ్గరికి వచ్చేసరికి లోపలి గోల వరండా చివరికి వినిపిస్తోంది. భారతి టీచరు నేలమీద సుద్దముక్కతో ఊరి పటం గీయించింది. రాబోయే విమానాశ్రయం ఎక్కడిదాకా వస్తుందన్నది తగువు. ఒకడు బెంచీ ఎక్కి, మా మావ జీడితోట మీదకి ఎలాగొస్తాది, రాదు, అంటున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు అడుగులతో దూరం కొలుస్తున్నారు. మాస్టారికి సిగ్గనిపించింది. “అందుకే దీనికి నేను ముందే రెండు వేశాను,” అన్నారు మెల్లిగా.

బుల్లమ్మ కిటికీ ఊచలు పట్టుకుని పది నిమిషాలు అక్కడే నిలబడింది. నవ్వుతూనే ఉంది. “ఇది మూడు.”

“ఈ గోలా?”

“ఏలంపాటకాడ నిలబడ్డట్టున్నాది బాబూ. మూడెయ్యండి.”

మాస్టారు వేశారు. తన కింద పనిచేసే టీచరుకి తన చేత్తో మూడు వేయాల్సి వచ్చినందుకు ఆ అంకెని వీలైనంత చిన్నగా గీశారు. అయినా మనసులో ఒక ధీమా ఉంది. మిగిలింది తన క్లాసు ఒక్కటే. శాలువాకి కావాల్సింది కూడా ఆ గడి ఒక్కటే. మరుగుదొడ్డీ బీరువా పోతే పోనీ.

ఏడో తరగతిలో ఆయన అడుగుపెట్టగానే ముప్పైమందీ ఒక్కసారి లేచి, ఒక్కసారి కూర్చున్నారు. బుల్లమ్మ వెనకబెంచీ మీద సర్దుకుని కూర్చుంది. రెండో వరసలో యమున చేతులు కట్టుకుని, నాయనమ్మ వైపు తిరగను కూడా తిరగలేదు. మాస్టారు ఆమ్లాలు, క్షారాలు మొదలుపెట్టారు. ఆయన గొంతు బాగుంటుంది, చేతిరాత ఇంకా బాగుంటుంది. నిర్వచనాలు బోర్డుమీద ముత్యాల్లా దిగాయి. నలభై నిమిషాలు ఒక్క బెంచీ కిర్రుమనలేదు. చివర “అర్థమైందా?” అన్నారు. “అయ్యింది సార్,” అని ముప్పై గొంతులు ఒక్కటిగా పలికాయి. మాస్టారు బుల్లమ్మ వైపు చూసిన చూపులో చప్పట్ల కోసం కాచుకున్న నటుడి ఆత్రం ఉంది. ఆ ఆత్రం ఆయనకీ తెలిసింది, కానీ అణుచుకోలేకపోయారు.

వరండాలోకి వచ్చాక బుల్లమ్మ గంప కింద పెట్టుకునే తలకుదురు విప్పి మళ్లీ చుట్టుకుంది. “కోపం రాదు కదా బాబూ?”

“రాదు, చెప్పండి.” అప్పటికే వచ్చేసింది. పళ్లు కనబడేలా నవ్వి కప్పిపుచ్చారు.

“గంప దించగానే కొందరొస్తారు బాబూ. మొప్ప ఎత్తి సూస్తారు, పొట్ట నొక్కుతారు, ఇది నిన్నటిది కాదేటి అని నాతోటి దెబ్బలాడతారు. ఆల్లు కొంటారు. కొందరు సేతులు కట్టుకొని నిలబడి, బాగుంది, బాగుంది అంటారు. ఆల్లు ఏనాడూ కొననేదు. ఇందాక బీరువాకాడ మీరు నాతోటి ఎంత బేరమాడేరు! మీకు ఆ మార్కు కావాల గనక. మీ కలాసులో అంతమంది గుంటలున్నారు. ఒక్కరు ఒక్క మాట అడగనేదు. మా యమున ఇంటికాడ నోరు మూయదు బాబూ.”

తరగతిలోని ఆ నిశ్శబ్దాన్ని మాస్టారు ఇరవై ఆరేళ్లుగా గౌరవం అనుకుంటూ ఇంటికి మోసుకుపోతున్నారు. భార్యకి చెప్పుకున్నారు, తోటి మాస్టర్లకి చెప్పుకున్నారు, దరఖాస్తులో నాలుగుసార్లు రాసుకున్నారు.

“అయితే ఎంత వెయ్యమంటావు?” ఈసారి 'గారు' పెట్టడం మరిచిపోయారు.

“అది నాను సెప్పను. సేపకి ధర సెప్పగలను గానీ, మీకు సెప్పడానికి నానెవుల్ని?” బుల్లమ్మ ఫారం తీసుకుని, నాలుక పంటికింద పెట్టి, బు, ల్ల, మ్మ అని ఒక్కో అక్షరం గీసింది. బోధన గడి ఖాళీగానే ఉంది. “అది మీరే ఏసుకోండి బాబూ. తప్పుడు మార్కు మీరెయ్యరులెండి,” అని గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

తిట్టి వెళ్లినా బాగుండేది. ఆ నమ్మకం పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. టైము మూడూ నలభై. సంతకం ఉంది, గడి ఖాళీగా ఉంది, మంచి పెన్ను జేబులో ఉంది. మూడు వేస్తే అడిగే దిక్కులేదు. ఆయన మూడు వేయడానికి పెన్ను మూత తీశారు కూడా. తీసి, ఫారం మడిచి, ఎందుకో మళ్లీ ఏడో తరగతిలోకి వెళ్లారు.

“ఏదైనా అడగండి,” అన్నారు.

ఎవరూ కదల్లేదు. ఇదేదో కొత్తరకం పరీక్ష అనుకున్నారు.

“పాఠంలోది కాకపోయినా ఫరవాలేదు. ఏదైనా.”

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఎంతసేపటికో యమున లేచింది. “సార్, కోప్పడరు కదా?”

“కోప్పడను.”

“సముద్రం నీల్లు అంత ఉప్పగా ఉంటాయి. సేప పుట్టిన కాడ నుంచీ అందులోనే ఉంటాది. మరి కూరలో మల్లీ ఉప్పెందుకు ఎయ్యాలి సార్?”

మాస్టారు నోరు తెరిచారు. సిలబస్‌లో లేదు కూర్చో అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నిసార్లు వచ్చిన మాటో, ఎంతమందిని కూర్చోబెట్టిన మాటో. దాన్ని మింగారు. సైన్సు మాస్టారు, రోజూ చేపలకూర తింటారు, ఇరవై ఆరేళ్లుగా ఈ సముద్రం పక్కనే పాఠం చెబుతున్నారు. ఒక్కనాడు కూడా ఆయనకి ఆ అనుమానం రాలేదు.

“నాకు తెలీదమ్మా,” అన్నారు.

“మీక్కూడా తెలీదా సార్?” యమున ముఖం వెలిగిపోయింది.

అంతే, గదికి మాటలొచ్చాయి. తోలు అడ్డుకుంటాదని ఒకడు, మొప్పల్లోంచి ఉప్పు ఉమ్మేస్తాదని ఇంకొకడు, అలాగైతే ఏట్లో బతికే సేప సంగతేంటని, ఉప్పుటేరులోది వండి రుచి చూడాలని, అందరూ ఒకేసారి. ఒకడు బెంచీ ఎక్కాడు. మాస్టారు దిగమనలేదు. ఆయనకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా సిగ్గేసింది.

గంట కొట్టారు. రోజూ గంట మోగడం ఆగేలోపల ఖాళీ అయిపోయే గది అది. ఆ రోజు ఒక్కరూ లేవలేదు. జగన్నాధం మాస్టారు బల్లమీద ఫారం పరిచి, బోధన అన్నచోట ఒకటి వేశారు. వేసి తలెత్తితే, వెనక బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తి నిలబడి ఉంది. పేరు పెట్టి పిలుద్దామనుకున్నారు. పేరు తెలియలేదు. ఆ పిల్ల జూన్ నుంచీ రోజూ అక్కడే కూర్చుంటోంది.

“నీ పేరేంటమ్మా?” అని అడిగారు.